ఉతకని జెర్సీ

మయామీ స్టేడియంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్. ఇక ఒక్క తన్నే మిగిలింది. బంతి స్తంభాల మధ్య నుంచి పోతే, ముప్పై ఏళ్ల తర్వాత కప్పు ముసలాయన అభిమాన జట్టుదే. గ్యాలరీలో ఆయన గబుక్కున లేవబోతే హాట్‌డాగ్ సాసు కాస్తా ఒంటి మీది జెర్సీ మీద ఒలికింది. భార్య తడిగుడ్డ తీసింది.

"ఆగవే! సీజనంతా చుక్క నీళ్లు తగలనివ్వలేదు దీనికి. ఉతికితే అదృష్టం పోతుంది!"

"నీ మొహం! ప్రతి సోమవారం నువ్వు బీరుకి పోగానే నేను ఉతుకుతూనే ఉన్నా."

ఆయన జెర్సీ కేసి చూసుకున్నాడు.

"ప్రతి సోమవారమా? మరి మధ్యలో వరసగా మూడు ఆటలు ఓడిపోయామే?"

"అప్పుడు ఒహాయోలో మా అక్క దగ్గరున్నాగా! ఇంట్లో ఎవరుతుకుతారు?"

మైదానంలో తన్నేవాడు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఇంకా చూస్తావేంటే? తుడువు! గట్టిగా తుడువు, వాడు తన్నేస్తున్నాడు!"