మనాలి పోతానన్న రామతులశమ్మ

రామతులశమ్మని మీరు చూసుండరు. సత్తెనపల్లి అవతల మా పుట్టింటోళ్ళ ఊరు ఆమెది. మొగుడు పోయి చానా కాలమైంది, ఇంట్లో కొడుకు అంకారావు, కోడలు నాగరత్నం, ఈమె, అంతే. బతుకంతా ఎండలో మిరపకాయలు కోసిన మనిషి, గుంటూరు దాటి ఎరగదు. ఆ ఏడు కాపు బాగా దిగింది అనుకో, కోడలు మొగుణ్ణి పట్టుకుంది. పెళ్ళయినకాడి నించీ అడగతన్నా, ఈ ఎండాకాలం నన్ను ఆ మంచుకొండల మీదికి తీసకపో, మనాలి అంట, మా చెల్లెలు పోయొచ్చింది, నేను పోవద్దా అని. సరే పోదాంలే అన్నాడంట. ఇంక చూస్కో! అన్నం వారుస్తన్నా మనాలే, గేదెకి కుడితి పెడతన్నా మనాలే. ఢిల్లీ దాకా రైలంట, ఆడనించి బస్సంట, కొండ చుట్టూతా తిరుక్కుంటా పైకి పోద్దంట, కిందకి చూస్తే కళ్ళు తిరగతయ్యంట. మరి స్వెట్టర్లు యాడ దొరకతయ్యి? నడి ఎండాకాలం సత్తెనపల్లిలో స్వెట్టరు అడిగితే, కొట్టాయన అంకారావు నుదుటి మీద చెయ్యేసి చూశాడంట, జొరమేమన్నా తగిలిందేమోనని!

ఏమైందంటే, ఈ మాటలన్నీ రామతులశమ్మ వసారాలో కూచుని వింటంది. ఒకరోజు కాఫీ తాగతా తాగతా, ఒరే అంకా, నాకు స్వెట్టరు ఏ రంగుది తెస్తార్రా అందంట. నువ్వు యాడికమా, నిన్ను అక్క దగ్గర దించి పోతాం అన్నాడు. దించటానికి నేనేమన్నా మూటనా, నేనూ వస్తా అంది. టీవీలో చూశా, నా ఈడు ముసలామె ఒకామె మంచు మీద టకటకా నడిచిపోతంది, ఆమెకేమన్నా నాలుగు కాళ్ళా? అట్టా కాదమా, అన్నాడు వాడు. నాయన సంగతి మర్చిపోయావా, చలికే గదా ఊపిరాడకుండా పోయింది. అదీ వాడి భయం. తల్లిని వదిలించుకునే రకం కాదు వాడు, అది తెలుసుకోండి. తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని చూసినోడు. ఆమె తగ్గిందా? మీ నాయన ఊపిరి మీ నాయనది, నా ఊపిరి నాదిరా అంది. లోపల నాగరత్నం గిన్నెలు దబాదబా పెడతంది. మొగుడూ పెళ్ళాం పోదామనుకుంటే మజ్జలో అత్తేంది అని. ఆ పిల్ల బాధ ఆ పిల్లది, తప్పంటారా?

అప్పుడు రామతులశమ్మ ఒక మాటంది. చలికి ఆగననే గదా నీ బాధ? మన కాయలు దాచిన కోల్డ్ స్టోరేజీకి తీసకపో. లోపల కూచుంటా. వణికితే మీ అక్క దగ్గరికి పోతా, వణక్కపోతే మనాలి పోతా! ఈ మాట ఎట్టా పాకిందో ఏమో, బజారు బజారంతా బయల్దేరిందమ్మా. ఆటోలో పట్టక ట్రాక్టరు కట్టారంటే చూడండి. ఆడ మేస్త్రీ మస్తాను నెత్తి కొట్టుకున్నాడు. ఇదేం పరీక్ష అవ్వా, లోపల గడ్డకట్టే చలి, పైన మిరపఘాటు, కాసేపుండి వచ్చెయ్ అన్నాడు. ఆమె దుప్పటి కప్పుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది. తలుపేశారు. బయట అందరూ ఊపిరి బిగబట్టి చూస్తన్నారు. అంతలో లోపల్నించి దబదబా బాదుడు! అయ్యో అని అందరూ లేచారు. తలుపు తీస్తే ఎవరొచ్చారనుకున్నారు? అంకారావు! పళ్ళు టకటకా కొట్టుకుంటన్నయ్యి, ముక్కు కారతంది. అమ్మేదిరా అంటే, రా...రానంటంది అన్నాడు.

నాగరత్నం ఇంక ఆగలేక లోపలికి ఉరికింది. చూస్తే మిరపకాయల టిక్కీలు, అదే ఆ బస్తాల మీద కూచునుంది అత్త. దుప్పట్లో మోకాళ్ళు గడగడా వణకతన్నయ్యి. కోడల్ని చూసి రెండు చేతుల్తో గట్టిగా అదిమి పట్టుకుందంట వాటిని. అమ్మాయ్, వాడికి చెప్పమాకే, అంది. ఒక్కసారి చూడాలనుందే. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి గదా. నాగరత్నం అత్త చేతులు తన చేతుల్లో పెట్టుకుని రుద్దింది, రుద్ది, లేవదీసుకుని బయటికొచ్చి, మీ అమ్మ రాయల్లే కూచునుంది, నీకంటే నయం, అని మొగుడితో గట్టిగా చెప్పింది. బజారంతా ఈలలు, కేకలు! కానీ ఆ పిల్ల తెలివిగల్ది, తెల్లారి అత్తని పెద్ద డాక్టరు దగ్గరికి తీసకపోయి ఛాతీ చూపించింది. నిక్షేపంగా పోయిరమ్మన్నాడాయన. అప్పుడు కొన్నది స్వెట్టర్లు, అత్తకి మాత్రం రెండు.

పోయారు. బస్సు మలుపులకి అంకారావు కడుపులో తిప్పి రూములో పడుకున్నాడంట, ఇంక అత్తా కోడళ్ళిద్దరే జీపెక్కి పైకి పోయారు. మంచు మీద అడుగేసిందో లేదో రామతులశమ్మ జర్రున జారింది, పట్టుకోబోయి కోడలూ జారింది, ఇద్దరూ కూచున్నవాళ్ళు కూచున్నట్టే కిందదాకా! చూసినోళ్ళు కంగారుపడి ఉరికొస్తే, ఆ ముసలామె పొట్ట పట్టుకుని నవ్వతందంట, కళ్ళెమ్మట నీళ్ళు కారేదాకా. మళ్ళీ ఎక్కుదాం పదవే అందంట. మా అత్తలో అంత నవ్వుందని ఇన్నేళ్ళూ నాకు తెలవదొదినా, అని నాగరత్నమే చెప్పింది నాకు.

ఇదంతా విని నేనూ మా అత్తని అడిగా, మనమూ పోదామా అత్తా అని. ఆడ వడియాలు ఎండవు గదే, ఎందుకు పోవటం, అంది. ఏం చేస్తాం!