పాలెగాడికి నాడి చూసిన సుంకప్ప

సుంకప్పని ఒకాయన ఉండె. పిచ్చికి వైద్యం చేసేటోడు. చుట్టు ఇరవై ఊర్లలో ఎవురు గుడ్డలిప్పుకోని పరిగెత్తినా, ఎవురు గోడతో మాట్లాడినా, కట్టేసి బండిలో ఏసుకోని ఆయన కాడికే తెచ్చేటోళ్ళంట. ఆయన ఏం చేసేటోడంటే, ముందు ఆ కట్లు ఇప్పిచ్చేటోడు. కూచో అనేటోడు. చెయ్యి పట్టుకోని నాడి చూసేటోడు. ఆ మాటా ఈ మాటా మాట్లాడేటోడు, తొందర లేకుండా, పెండ్లి సంబంధానికి వచ్చినోళ్ళతో మాట్లాడతారే అట్ల. ఆమీట తల గొరిగిచ్చి, నిమ్మకాయ రసం పట్టిచ్చి, ఆముదం రుద్ది, నలభై దినాలు చింతతోపులో నీడన కూచోబెట్టేటోడు. చానా మందికి నయమైతాండె. నయం కానోళ్ళకు రెండుపూటలా సంగటి పెడతాండె, అదీ వైద్యమే గదా. ఆయనకు ఒక ఒట్టు ఉండాది. వాళ్ళ గురువు చచ్చేటప్పుడు చేతిలో చెయ్యి ఏపిచ్చుకున్నాడంట. ఏమనంటే, నాడి పట్టకుండా, ఎదురుగ్గా కూచోబెట్టుకోని మాట్లాడకుండా ఎవుర్నీ పిచ్చోడు అనగూడదు, పట్టి చూసినాక ఉన్నది దాచగూడదు. అంతే. మనమైతే రచ్చకట్ట మీద కూచోని దినానికి పదిమందిని అంటాము.

ఆ సీమకు పాలెగాడు తిప్పానాయుడు. పాలెగాడంటే తెలుసు గదా, కోట ఉండాది, యాభై మంది ఈటెలోళ్ళు ఉండారు, మీసం ఉండాది. ఇంగేం గావల్ల? ఆయనకు ఒక దినం ఏమనిపిచ్చిందో, కోట మీద కాకి అరవగూడదు అన్నాడంట. అంటే పది మంది జనం పనులిడిసి, పొద్దన్నుంచి సాయంత్రం దాకా వడిసెలలు పట్టుకోని గోడెక్కి కాకుల్ని తోలినారు. ఇంగొక దినం, నా గుర్రం ఎదురొస్తే జనం ఎనక్కి ఎనక్కి నడవల్ల అన్నాడంట. నడిచినారు. ముసలోళ్ళు పడినారు, కాళ్ళిరిగినాయి, అయినా నడిచినారు. ఇంట్లోకి పోయి తలుపేసుకోని, "దొరకు తిక్క పట్టిందే" అనుకోవడము, తలుపు తీసి బయటికొచ్చి ఎనక్కి నడవడము. ఇట్ల జరగతాండాది అనుకో.

అట్లుంటే ఏమైందంటే, ఆ ఏడు భరణి కార్తె. ఎండలు మండిపోతాండాయి, నేల నెర్రెలిచ్చింది, కుక్కలు కూడా నీడ కోసం కొట్టుకుంటాండాయి. అప్పుడు తలారి వచ్చి దండోరా ఏసినాడు. ఏమని? "వచ్చే శుక్రారం నాడు ఊరంతా గొర్రు కట్టి విత్తనం ఎయ్యల్లహో! ఇంట్లో గింజ మిగలగూడదహో! ఎయ్యనోడి భూమి దొరదహో!" అని. నేను అడగతా, భరణి కార్తెలో ఎవుడన్నా కొర్ర విత్తనం ఏస్తాడా? మృగశిర రావల్ల, వాన పడల్ల, పదునెక్కల్ల, అప్పుడు గదా. ఆ దుమ్ములో ఏస్తే చీమలకు పండగ, పిట్టలకు పండగ. అంతకు ముందేడే కరువు. ఊర్లో ఉన్నదే గింజ విత్తనం గింజ. అది పోతే ఆ ఏడే గాదు, ఇంగ ఎప్పటికీ లేదు. ఊరు లేసిపోవాల్సిందే.

ఆ ఊర్లో నాగులమ్మని ఒక ఆడమనిషి ఉండాది. మొగుడు లేడు, ఒక బిడ్డ. ఆయమ్మ ఒక కొర్రల కుండ చంకనబెట్టుకోని సుంకప్ప కాడికి వచ్చింది. ఎనకాల ఊరి పెద్దోళ్ళు నలుగురు. "అన్నా, పోయినేడు నా బిడ్డ గంజి లేక గోడకున్న మట్టి గీక్కోని తినింది. అయినా నేను ఈ కుండ మూత తీయలేదు. ఇప్పుడు దీన్ని తీసకపోయి దుమ్ములో పోయమంటాడు. నువ్వే ఏమన్నా చెయ్యల్ల" అనింది. పెద్దోళ్ళు ఏమన్నారంటే, "సుంకప్పా, మన సీమలో పిచ్చోడి ఆజ్ఞ చెల్లదని తాతల నాటి కట్టుబాటు ఉండాది. నువ్వు దొరకు పిచ్చి అని ఒక్క మాట అను. ఆజ్ఞ పోతాది, మా గింజ మిగలతాది" అన్నారంట. సుంకప్ప, "నేను నాడి చూడలేదే" అన్నాడు. "చూసేదేందయ్యా, ఊరంతా చూస్తాండాము గదా" అంటే, "మీరు చూసింది ఆయన చేసేటివి. ఆయన్ను గాదు" అన్నాడు. వాళ్ళకు కోపమొచ్చి పోయినారు. నాగులమ్మ మాత్రం పోలేదు, గడప కాడ కుండ ఒళ్ళో పెట్టుకోని కూచునింది.

వాళ్ళు పోయినారో లేదో, ఇంగొకడు వచ్చినాడు. ఎవురనుకున్నారు? దళవాయి కొండలరాయుడు. దళవాయంటే ఆ ఈటెలోళ్ళకంతా పెద్ద, మన నాయుడికి సొంత బామ్మర్ది. వచ్చి, గొంతు తగ్గిచ్చి, "సుంకప్పా, మా బావకు పిచ్చి అని నువ్వు చెప్పు. గద్దె నాది. ఏటి పక్క పొలం నీది" అన్నాడంట. సుంకప్ప, "అది సరే నాయనా, నువ్వు గద్దెక్కితే ఈ విత్తనాల ఆజ్ఞ తీసేస్తావా?" అని అడిగినాడు. దళవాయి గడ్డం గోక్కున్నాడు. "అదెట్ల తీసేది? వచ్చీ రాంగానే ఆజ్ఞ ఎనక్కి తీస్తే జనానికి భయముంటాదా? ఇదొకటి కానీ. ఆమీట చూద్దాం" అన్నాడు. గడప కాడ నాగులమ్మ అన్నీ ఇంటానే ఉండాది, చూడండి. ఆయనకు ఆయమ్మ ఉన్నట్టే కనపళ్ళేదు. సుంకప్ప చెయ్యి చాపి, "నాయనా, ఎండన పడి వచ్చినావు, ఏదీ, చెయ్యి ఇట్లియ్యి" అని నాడి చూసి, "బాగుండాది, పోయిరా" అని పంపిచ్చినాడు.

ఊరి పెద్దోళ్ళు సుంకప్పను అడిగిన మాట నాయుడి చెవిన పడింది. నాయుడు మండిపడినాడనుకుంటారేమో, లేదు. నవ్వినాడంట. "పిలిపిచ్చండి వాణ్ణి. నాకు పిచ్చి ఉండాదో లేదో వాడే తేలుస్తాడు. కోట ముందర, ఊరంతా ఉండంగా చెప్పల్ల. సుంకప్ప ఏం చెప్తే అదే ఖాయం, దానికి ఎదురు మాట్లాడినోడి నాలిక కోస్తా" అని దండోరా ఏపిచ్చినాడు. అంత ధైర్యం ఎట్లొచ్చిందంటే, తన సంగతి తనకు తెలుసు గదా.

బేస్తవారం పొద్దన సుంకప్ప కోటకు పోయినాడు. ఊరంతా బయట నిలబడింది. లోపల వీళ్ళిద్దరే. సుంకప్ప కూచోబెట్టినాడు, చెయ్యి పట్టుకున్నాడు. "నాయనా, ఇది ఏ నెల?" చెప్పినాడు. "మీ అమ్మ పుట్టిల్లు యాడ?" చెప్పినాడు. "నిద్ర పడతాదా?" "కమ్మగా పడతాది." "చెవిలో ఎవురన్నా మాట్లాడినట్టు ఉంటాదా?" "నేను మాట్లాడతాంటే ఇంగొకడు మాట్లాడే ధైర్యం యాడిది?" అన్నాడంట. నాడి గుర్రం నడిచినట్టు, టకటకా, తప్పు లేదు. సుంకప్ప ఆఖరికి అడిగినాడు. "నాయనా, ఈ ఎండలో ఏస్తే విత్తనం మొలుస్తాదా?" నాయుడు, "నన్ను ఎర్రోడనుకున్నావా? ఒక్క గింజ మొలవదు" అన్నాడు. "మరి ఏంటికి ఎయ్యమన్నావు?" అప్పుడు నాయుడు ముందుకు వంగి చెప్పినాడంట, ఇదిగో ఈ మాట బాగా ఇనుకోండి: "వానొచ్చినప్పుడు విత్తనం ఎయ్యమంటే ఏస్తారు, దాంట్లో నా గొప్ప ఏముండాది? అది వాన మాట ఇన్నట్టు, నా మాట ఇన్నట్టు గాదు. మొలవదని తెలిసి, నేను చెప్పినానని ఏస్తే, అప్పుడు గదా నేను పాలెగాణ్ణి."

సుంకప్ప చెయ్యి వదిలిపెట్టినాడు. ఇంతమందికి నాడి చూసినాడు, గోడతో మాట్లాడినోళ్ళను చూసినాడు, పెండ్లాన్ని రాకాసి అనుకోని రాయెత్తినోణ్ణి చూసినాడు, ఎవుర్ని చూసినా జాలి పుట్టేది. ఈయన్ను చూస్తే పుట్టలేదు. పిచ్చి ఉండాదంటే ఒట్టు తప్పినట్టు. పోనీ అట్ల అన్నా ఫలం లేదు, దళవాయి గద్దెక్కి అదే ఆజ్ఞ నడిపిస్తాడు. పిచ్చి లేదంటే విత్తనం దుమ్ముపాలు. ఏం జేస్తాడు? మీరైతే ఏం జేస్తారు? చెప్పండి. ఊఁ, చూడు, అందరూ కింద చూస్తాండారు.

బయటికొచ్చినాడు. ఊరంతా నోరు తెరుచుకోని చూస్తాండాది. "ఒట్టు మీద చెప్తాండా. నాయుడికి పిచ్చి లేదు. రవ్వంత గూడా లేదు" అన్నాడు. నాయుడు మీసం తిప్పినాడు. నాగులమ్మ కుండ పట్టుకోని అట్లనే నేల మీద కూలబడింది. అప్పుడు సుంకప్ప, "కానీ ఈ ఊర్లో పిచ్చి ఉండాది నాయనా. నాకు వాసనొస్తాండాది. యాడుండాదో చూడల్ల" అన్నాడు. నాయుడు మంచి కుశాలలో ఉండాడు గదా, "చూడు, చూడు" అన్నాడు.

సుంకప్ప నాగులమ్మ పక్కన కూచోని చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, రేపు విత్తనం ఏస్తావా?" "ఏస్తాను." "మొలుస్తాదా?" "మొలవదు." "ఎవురు చెప్పినారు మొలవదని?" "ఎవురు చెప్పల్ల, నాకు తెల్దా?" "తెలిసీ ఏస్తావా? బిడ్డకు గంజి పొయ్యకుండా దాసిన గింజ?" "దొర చెప్పినాడు గదన్నా, ఏస్తాను" అని ఏడిసింది. సుంకప్ప చెయ్యి వదల్లేదు. లేసి నిలబడి అందరికీ ఇనపడేట్టు, "ఇది పిచ్చి" అన్నాడు. "గోడతో మాట్లాడేటోడికి అది గోడని తెల్దు. ఈయమ్మకు తెలుసు. తెలిసీ తన చేత్తో తన బిడ్డ గొంతు పిసకతాండాది. నేను చూసిన పిచ్చిలో ఇది పెద్ద పిచ్చి" అన్నాడు.

ఇది నేను ముందే చెప్పాల్సింది, మర్సిపోయినా. ఆ సీమలో ఇంగొక కట్టుబాటు ఉండాది. పిచ్చి పట్టినోళ్ళ చెయ్యి విత్తనం ముట్టగూడదు. ముడితే ఆ ఊరి పైరుకంతా కంకి నల్లగ మసైపోయే కాటుక తెగులు వస్తాదని నమ్మకం, దొర పైరుతో సహా. పిచ్చోళ్ళ చేతికి ఈటె, కత్తి గూడా ఇయ్యగూడదు. వైద్యుడు నయమైంది అని చెప్పేదాకా ఇంతే.

ఇంగ చూస్కోండి. సుంకప్ప ఒకర్నొకర్ని పిలిచి నాడి పట్టినాడు. "మొలుస్తాదా?" "మొలవదు." "ఏస్తావా?" "ఏస్తా." "పో, తోపులోకి." రెడ్డి పోయినాడు, కుమ్మరి పోయినాడు, పూజారి పోయినాడు. ముందు నాడి చూడకుండానే దొరను పిచ్చోడని చెప్పు అన్న ఆ నలుగురు పెద్దోళ్ళూ పోయినారు. తలారిని, "నువ్వు చాటింది నీకు సరి అనిపిచ్చిందా?" అంటే, "లేదు సామీ" అన్నాడు. "మరి ఏంటికి చాటినావు?" "చాటమన్నారు." పో తోపులోకి. ఈటెలోళ్ళు యాభై మంది. "ఎయ్యనోణ్ణి పొడుస్తావా?" "పొడుస్తా." "ఏంటికి?" "తెల్దు." ఈటె కింద పెట్టు, పో. పొద్దు గూకే లోపల నాలుగునూర్ల మందికి చూసినాడంట, చేతి ఏళ్ళు వాసినాయంట. నాయుడు అరిచినాడు, "ఏందిరా ఇది, ఊరంతా పిచ్చోళ్ళంటావా?" "నాయనా, నేను చెప్పిందే ఖాయమని దండోరా నువ్వే ఏపిచ్చినావు. కాదంటే చెప్పు, నీ దండోరా చెల్లదని ఊరికి చెప్తా" అన్నాడు. నాయుడు మీసం మీద చెయ్యి తీసేసినాడు. ఇంగ దళవాయి మిగిలినాడు. "ఈయన నాడి మొన్ననే చూసినా. బాగుండాది" అన్నాడు సుంకప్ప.

అట్ల ఆ సీమలో, సుంకప్పను ఇడిసిపెడితే, బుద్ధి సరిగ్గా ఉన్నోళ్ళు ఇద్దరు తేలినారు. కోటలో బావా బామ్మర్దీ. తోపులో నాలుగునూర్ల మంది బోడిగుండ్లు, ఆముదం కారతా, నిమ్మకాయ వాసన కొడతా, సుంకప్ప పిచ్చోళ్ళకని దాసిపెట్టిన రాగుల సంగటి తింటా. మొదట సిగ్గుపడినారు. ఆమీట ఒకర్నొకరు చూసుకోని నవ్వుకున్నారు. కాకులు వచ్చి కోట మీద కూచోని ఇష్టమొచ్చినట్టు అరిచినాయి. నాయుడు, "కొండలరాయా, కాకిని తోలు" అంటే, దళవాయి, "నేను దళవాయిని, నీ కాకులు నువ్వు తోలుకో" అన్నాడంట. నీళ్ళు తెచ్చేటోడు లేడు, గుర్రానికి గడ్డి ఏసేటోడు లేడు, వంటోడు తోపులో. ఇద్దరూ ఒకరికొకరు ఆజ్ఞలు ఇచ్చుకుంటా కూచున్నారు. పది దినాలైనాక నాయుడే నడుచుకుంటా తోపుకొచ్చినాడు. "సుంకప్పా, నాగ్గూడా పిచ్చి అని చెప్పు. ఈడ కూచుంటా, ఇంత సంగటి పెట్టు" అన్నాడు. సుంకప్ప మళ్ళ చెయ్యి పట్టుకున్నాడు. చానాసేపు పట్టుకున్నాడంట, ఎక్కడన్నా రవ్వంత తేడా దొరకతాదేమోనని. దొరకలేదు. "ఏం జేస్తా నాయనా, నీకు పిచ్చి లేదే. ఒట్టు తప్పలేను" అని పంపిచ్చేసినాడు.

నలభై దినాలైనాయి. మృగశిర వచ్చింది, మబ్బు కమ్మింది, కొట్టింది వాన, అబ్బా, ఆ మట్టి వాసనకు తోపంతా లేసి నిలబడింది. సుంకప్ప మళ్ళ నాడులు పట్టినాడు. "ఏస్తావా?" "ఏస్తా." "ఏంటికి?" "వానొచ్చింది గదా, పదునుండాది." "పో, నయమైంది." గొర్రులు కట్టినారు. నాగులమ్మ కుండ మూత తీసి సాలెంబడి గింజ ఇడస్తా పోతాండాది. అప్పుడు ఏమైందంటే, నాయుడు తలారి తప్పెట తన మెడకే తగిలిచ్చుకోని, వానలో తడుస్తా చేన్లోకి పరిగెత్తుకోని వచ్చి, "విత్తనం ఎయ్యల్లహో! ఇది నా ఆజ్ఞహో!" అని కొడతాండాడు. వాళ్ళు ఏస్తానే ఉండారు, ఆయన ఎయ్యమని కొడతానే ఉండాడు. నాగులమ్మ తలెత్తకుండానే, "పక్కకు జరుగు నాయనా, గింజ తొక్కతాండావు" అనింది. జరిగినాడంట.

ఆమీట ఆయనకేమైందని అడగతారు అందరూ. ఏం గాలేదు. ఇరవై ఏండ్లు బతికినాడు, మనవళ్ళను ఎత్తుకున్నాడు, నిద్రలో హాయిగా పోయినాడు. ఆయనది పిచ్చి అయితే ఆముదానికి పోయుండేది. మీరూ ఊరికే ఆయనకు తిక్క, ఈయనకు తిక్క అని మాట్లాడుకుంటాంటారు గదా, పాపం తిక్కోళ్ళు మీకేం చేసినారబ్బా, వాళ్ళను అంత మాటంటారు.