సెలూన్ బావ గాయపాకు

"మీలో ఒక్కరైనా తెగిన వెంట్రుకని మళ్ళీ అతికించారా? లేదు కదా. మరి నా ముందు గాయపాకు గురించి మాట్లాడకండి."

సెలూన్ బావ కత్తి గాల్లోనే ఆపాడు. కుర్చీలో సబ్బు నురగతో లారీ డ్రైవరు, బల్ల మీద టైలరూ మరో ఇద్దరూ. గుమ్మంలో అత్త, నిలబడలేక నిలబడింది.

"అల్లుడూ, మా కోడలి వేలు కొడవలికి తెగింది. గుడ్డ చుట్టి వచ్చాను. గుప్పెడాకు ఇవ్వు, పోతాను."

"ఇస్తానత్తా, దాని మహిమ విను ముందు. పోయినేడు ఈ డ్రైవరు చెవి కాస్త గీసుకుంది..."

"కాస్తా?" అన్నాడు డ్రైవరు.

"కదలకు. ఆకు నలిపి పిండానా, రెండో గీత గీసేలోగా రక్తం ఆగింది. సరే, ఇది మీ ఇళ్ళలోనూ జరిగేదే. అది విని వడ్రంగి పరిగెత్తుకొచ్చాడు, బొటనవేలు జేబులో పెట్టుకుని. పసరు పోసి అతికించాను. తొందరలో తిరగేసి అతికించాననుకో, ఇప్పుడు వీపు తనే గోక్కుంటున్నాడు."

"అల్లుడూ, ఆకు."

"వస్తున్నానత్తా. ఆ తర్వాతేమైందో తెలుసా? వాడి చేతి పసరు కోసిన దుంగకి తగిలి, రెండు ముక్కలూ అతుక్కుని చిగురేశాయి, వాడు అమ్మిన మంచానికీ కొమ్మలొచ్చాయి, కొన్నాయనేమో పిట్టలు నిద్రపోనివ్వట్లేదని గొడవ. ఇదంతా ఆకు బలమే. వేరు సంగతి చెబితే మీరు తట్టుకోలేరు. ఒక్క వేరు అరగదీసి గడ్డం తడిపే నీళ్ళలో కలిపానయ్యా, కత్తి ఇటు గీస్తుంటే వెంట్రుక అటు అతుక్కుంటోంది. కూర్చున్న మనిషి మూడో రోజుకీ లేవలేదు, వాళ్ళావిడ క్యారేజీ ఇక్కడికే తెచ్చేది."

"ఆ మాట విని మా ఆవిడ నాలుగు మొక్కలు వేర్లతో సహా పీక్కొచ్చింది," అన్నాడు టైలరు. "నా బట్టతలకట."

"మా ఇంట్లోనూ ఉన్నాయి," అన్నాడు పక్కాయన.

అత్త ఇక ఆగలేదు. లోపలికొచ్చి అద్దం కింది డబ్బా మూత తీసింది. అడుగున రెండు ఎండు వేర్లు.

"ఆకేదయ్యా?"

సెలూన్ బావ కత్తి తుడవడం మొదలెట్టాడు. "అయిపోయిందత్తా. కాలవగట్టు మీదా లేదు, పొద్దున చూసొచ్చాను."

"ఎలా ఉంటుంది? మా అమ్మ ఆ గట్టున నలభై ఏళ్ళు ఆకు గిల్లింది, వేరు ముట్టుకోలేదు. నువ్వు నెల రోజులు నోరు తెరిచావు, గట్టంతా బోడి. తెగినవన్నీ అతికించావు కదా, ఈ పీకిన వేరుకి ఒక్క ఆకు మొలిపించు, చూస్తాను."

సెలూన్ బావ డబ్బా మూత పెట్టేశాడు.

"లేవండి," అంది అత్త బల్ల వైపు తిరిగి. "ఇళ్ళలో పచ్చిగా ఉన్న మొక్కలు సాయంత్రంలోగా గట్టున పాతండి. ఇప్పుడు మాత్రం నాతో రండి, ఇటుకబట్టీ వెనక ఇంకా మిగిలి ఉంటుంది. ఆకులే గిల్లండి, వేరు జోలికి పోకండి. నా కోడలు వేలు పట్టుకుని కూర్చుంది, నడవండి."