గంజి మందం

డెబ్బై ఎనిమిదిలో, వరంగల్‌లోని ఒక సర్కారు దవాఖాన. తల్లిని చేర్చిన నేతగాడు మంచం మీది దుప్పటి తీసేసి, సంచిలోంచి తాను తెచ్చింది తీసి పరుస్తుంటే నర్సు చూసింది.

"మా దుప్పటి ఎందుకు తీస్తానవన్నా?"

"ఇంటి నుంచి తెచ్చిన, సిస్టరమ్మా. అమ్మకు ఇదైతే అలవాటు."

"మీ గల్లీ నుంచి ఎవరొచ్చినా ఇట్లనే తెచ్చుకుంటాన్రు. మాయి అంత గలీజుగున్నయా?"

"గలీజు కాదమ్మా."

"ఇవి మీ నేత సంఘమోళ్ళు నేసినయే గదా. మిల్లు బట్ట వద్దు, మన ఊరోళ్ళ కాడనే కొనాలెనని మా పెద్ద డాక్టరు ఆఫీసుల చుట్టూ తిరిగిండు. వచ్చిననాడు ఎంత మందంగున్నయో. ఒక్కసారి ఉతికేసరికి జల్లెడ లెక్కయినయ్. సోడా ఎక్కువేసినవని ఉతికేటామె మీద కోపం చేసిన."

"ఆమె తప్పు లేదమ్మా."

"మరెవరిది?"

"అది గంజి మందం. నూలు తగ్గిచ్చి, గంజి దట్టంగ పట్టిచ్చినం. సర్కారు మాలు, ఎవరు చూస్తరు అనుకున్నం."

నర్సు అతను తీసేసిన నీలం అంచు దుప్పటిని మడిచి చంకన పెట్టుకుంది.

"సరే. ఇది పక్క మంచం అవ్వకు వేస్త. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చింది. ఇంటి నుంచి తెచ్చేటోళ్ళు లేరామెకు."

"ఆగమ్మా. ఆ అవ్వకు ఈ ఇంటిది వెయ్యి."

"మరి మీ అమ్మకు?"

"ఆ చంకల ఉన్నది ఇటియ్యి. ఆ నీలం అంచు నా మగ్గానిదే."