జీవ్లి యాడికి లామినేషన్

నర్సింహులపేటలో సాలమ్మ చాయ్ కొట్టు దగ్గర రామచందర్ కూర్చున్నాడంటే అక్కడున్నవాళ్ల పనులు మూలపడ్డట్టే. బస్టాండు పక్కన ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పడం పుట్టుకతోనే రాలేదు. ఆ మధ్యాహ్నం కూడా కొట్టు రేకు గోడకు వీపు ఆనించి, ఒళ్లో నల్ల సంచి పెట్టుకుని గొంతు సవరించాడు.

ఎదురుగా బెంచీ అంచున కూర్చున్న రజితకు మాత్రం కథలు వినే ఓపిక లేదు. లంబాడీ తండాలో ఉండి ఫోన్‌లో బొమ్మల కథలు గీసే ఆ పిల్ల పుట్టించిన ముసలమ్మే జీవ్లి యాడి. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. అద్దాలు కుట్టిన పేటియా లంగా కట్టుకుని, బర్రెనెక్కి, ఆఫీసుల చుట్టూ తిరిగి కొట్లాడే ముసలమ్మ. పోయిన ఏడాది ఎవరో పట్నం కంపెనీవాళ్లు ఆ బొమ్మను మక్క పేలాల ప్యాకెట్ల మీద అచ్చేసుకున్నారు. ఫోన్ చేసి అడిగితే "నీదని ఎక్కడన్నా రాసుందా?" అన్నారు. అప్పుడే ట్రేడ్‌మార్కు కోసం రామచందర్‌తో దరఖాస్తు పెట్టించింది. ఆనాటినుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు.

"అన్నా, నా దరఖాస్తు ఏమైంది? ఒక్క ముక్కల చెప్పు."

"చెప్తున్న చెల్లె, జర ఆగు. మొదలు ఏం చేసిన? కంప్యూటర్ తెరిచిన. బొమ్మ ఎక్కించిన, పేరు ఎక్కించిన. మంది అందరు బొమ్మ పెట్టి పేరు మర్చిపోతరు, నేను మర్చిపోలే. గక్కడ నలభై ఐదు ఖానాలుంటయి. ఏ సామాను మీద హక్కు కావాల్నో గా ఖాన పట్టాలె. పుస్తకాలు పట్టిన, ఆటబొమ్మలు పట్టిన, తినే సరుకులు పట్టిన. బటన్ ఒత్తిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కరెంటు పోయిందా?" అన్నాడు ఆటో ఎల్లస్వామి.

"పోయింది! నా సెంటర్ల కాదు, చెన్నైల గా ట్రేడ్‌మార్కు ఆఫీసుల! జీవ్లి యాడి బర్రె బరువుకు వాళ్ల కంప్యూటర్లన్ని ఒక్కసారే కూలబడ్డయి. పెద్దసారు నాకే ఫోన్ చేసిండు. 'రామచందర్ గారూ, మీరు రాకుంటే పని ముందటికి నడువది' అని బతిమిలాడిండు. ఇగ పోయిన."

"ఎన్నడు పోయినవ్ సేటూ? దినాం నా కొట్టుకాడనే ఉంటివి గద!" అంది సాలమ్మ.

"పొద్దుగాల నీ చాయ్ తాగి పోయిన, పొద్దుమీకి నీ చాయ్‌కే వచ్చిన. జర విను అక్కా."

రజిత తల తిప్పుకుంది. కొట్టు ముందు దండలా వేలాడుతున్న పేలాల ప్యాకెట్ల మీదనుంచి జీవ్లి యాడి ఆమెనే చూస్తోంది. చూడలేక మళ్లీ రామచందర్ వైపే తిరిగింది.

"పెద్ద హాలు. పన్నెండు మంది సార్లు. గోడ మీద బొమ్మ వేసి 'ఈమె ఎవల మనిషి?' అన్నరు. నేను నోరు తెరువకముందే యాడి గోడ దిగి వచ్చింది! 'నన్ను కన్నది రజిత' అని వాళ్ల భాషల తిట్టుడు మొదలువెట్టింది. గా ప్యాకెట్ కంపెనీ దరఖాస్తు ఒక సారు ముంగటేసిండు. బర్రె దాన్ని నమిలి మింగింది! మింగి ఊకున్నదా? అక్కడనే ఇరవై లీటర్ల పాలిచ్చింది. గా పాలతోని ఆఫీసు మొత్తానికి చాయ్ పెట్టించిన."

"చక్కెర ఎవలు తెచ్చిండ్రు?" అన్నాడు ఎల్లస్వామి.

అందరూ నవ్వారు. రజిత నవ్వలేదు. అన్ని కోతల మధ్య ఒక మాటను ఆమె పట్టుకుంది.

"కంపెనీ దరఖాస్తా? వాళ్లు గూడ పెట్టిండ్రా అన్నా?"

"గదంత నీకెందుకు, గెలిచినం! సర్కారే మెచ్చుకుంట కాగితం పంపింది." రామచందర్ సంచిలోంచి తళతళలాడే అట్ట తీశాడు. "ముద్ర చూడు. సర్కారు కాగితం నలగొద్దని లామినేషన్ కొట్టి దేవుని పటాల పక్కన పెట్టిన. దినాం అగరొత్తి ముట్టిస్తున్న."

రజిత అట్టను లాక్కుని ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివింది. చదివి, మళ్లీ మొదటి వరుసకు వచ్చింది.

"అన్నా, గిది మెచ్చుకోలు కాదు, అభ్యంతరం. గిసొంటి బొమ్మకే కంపెనీ మనకంటె ముంగట దరఖాస్తు పెట్టిందట. నేను అంతకుముందు నుంచే వాడుతున్ననని సాక్ష్యం చూపాలె. నెల లోపల జవాబియ్యకుంటె వదులుకున్నట్టేనట. కాగితం వచ్చింది పోయిన నెల తొమ్మిదిన." ఆమె ఫోన్‌లో తేదీ చూసింది. "ఇయ్యాల తొమ్మిది."

సాలమ్మ గిన్నెలో పాలు పొంగిపోయాయి. ఎవరూ చూడలేదు.

"నాకు ఇంగ్లీషు గంతగనం రాదు చెల్లె," అన్నాడు రామచందర్. "కంపెనీ పేరు, కింద ముద్ర చూసి మనమే గెలిచినం అనుకున్న." ఆ రోజు ఆయన నోటినుంచి వచ్చిన మొదటి నిజం అదే.

"పాత బొమ్మలు ఫోన్ల లేవా?" ఎల్లస్వామి అడిగాడు.

"అప్పటి ఫోన్ వాగుల పడ్డది," అంది రజిత. కళ్లలో నీళ్లు ఆగలేదు. తాను కని పెంచిన ముసలమ్మ సాయంత్రానికి పరాయిదైపోతుంది.

సాలమ్మ గరిటె కింద పెట్టింది. "ఓ పిల్లా, నేను కొట్టు తెరిచిననాడు రేకు మీద బొమ్మ గీసింది నువ్వే గద? ప్రారంభం అని తేదీ గూడ ఏస్తివి."

అందరి చూపూ రామచందర్ వీపు మీదికి పోయింది.

"అన్నా, జర లే."

ఆయన లేచాడు. వెనక రేకు మీద వెలిసిపోయిన రంగుల్లో జీవ్లి యాడి బర్రె మీద కూర్చుని ఉంది. కింద మూడేళ్ల నాటి తేదీ, ఆ పక్కన "బొమ్మ: రజిత". ఇంతసేపూ ఆయన ఆనుకున్నది ఆమెకే.

రజిత నాలుగు ఫోటోలు తీసింది. "పా అన్నా, సెంటర్ తెరువు. జవాబు నేను రాస్త, నువ్వు ఎక్కియ్యి."

రామచందర్ తాళాలు వెతుక్కుంటూ వెనకే పరుగెత్తాడు. సగం దారిలో మెల్లగా అడిగాడు.

"జవాబు అందిందని ఒక కాగితం వస్తది గద చెల్లె, దాన్ని లామినేషన్..."

"ముందుగాల చదువుదం అన్నా," అంది రజిత.