వెనకాల నిలబడేటోడు

అంతగనం తొందరేందిరా అంబదాసూ? పాత కారు కొన్నది నువ్వు, బ్రేకు లైట్లు ఆర్పనంటున్నది అది. నడుమ నా మీద కోపమెందుకు? జర సీట్ల కూసో, నేను వెనకాల నిలబడి లైట్లు చూస్తా. తొక్కు.

పడ్డయ్. కాలు తీయ్. ఊఁ, ఆరలే. పొద్దుగాల నుంచి గిదే తంతు. రెండు లైట్లు ఎర్రగ గుడ్లురుముతున్నయ్, నీ పెండ్లాం శ్రీవాణి లెక్క. నవ్వకు, మళ్ల తొక్కు.

ఏందీ, ఫ్యూజా? ఫ్యూజు పోతే లైట్లు అసలే పడయ్ గదరా. ఆరేండ్లు ఈ షెడ్డుల నాతోని పని చేసినవ్. హైదరాబాద్ ఇంకా పోనే లేదు, అప్పుడే మర్చిపోయినవా?

స్విచ్చి చూసిన. పెడల్ కిందికెళ్లి తల దూర్చి, దాని మొన వేలితోని నొక్కిన. లైట్లు ఆరినయ్. వదిలితే పడ్డయ్. అంటే స్విచ్చి మంచిగనే ఉంది. మరి పెడల్ పైకొచ్చినంక దాన్ని ఎందుకు నొక్కుతలేదు? అదే ఆలోచన చేస్తున్న. ఆలోచనకు టైం పడ్తది. చాయ్ తాగుతవా?

వద్దా. సిర్గాపూర్ల ఇంటికాడ శ్రీవాణి సామాను కట్టుకొని కూసుందా. కూసోనీ. మీరు పోయినంక నేనూ కూసునేదే గద.

ఒకటి అడుగుతా చెప్పు. రేపటి నుంచి నేను పెడల్ తొక్కితే, వెనకాల నిలబడి పడ్డయ్, ఆరినయ్ అని చెప్పేటోడెవడు?

నిన్న నువ్వు రాలే, ఒక జీపొచ్చింది. పెడల్ కు ఇటుక ఆనిచ్చి, వెనక్కు పోయి చూసి, మళ్లొచ్చి ఇటుక తీసి, మళ్ల వెనక్కు ఉరికిన. ఇటుక మంచిదేరా. అలగది. చాయ్ అడగది. దశరథా, నీకు బుర్ర లేదురా అని నీ లెక్క నన్ను తిట్టది గూడ.

గదొక్కటే జర...

సర్లే. పొద్దుగాల నుంచి కావాల్నని ఆపిన నిన్ను. చెయ్యి చాపు. గీ ప్లాస్టిక్ ముక్కలు చూసినవా? పెడల్ బొక్కల ఉండి స్విచ్చిని నొక్కే బిళ్ల. పగిలి రాలింది. ఇప్పుడు స్విచ్చి మొన ఆ బొక్కల దూరిపోతుంది, ఇగ నొక్కేదేంది? నువ్వు డోరు తీయంగనే కాళ్ల కింది పట్టా మీద కనబడ్డయ్. నీకు కనబడకముందే ఏరి జేబుల ఏసుకున్న.

తిట్టు.

తిట్టరాదురా. ఇటుక లెక్క కూసున్నవేంది?

ఆ బొక్కల చిన్న బోల్టు బిగిస్తే అయిపాయె. రెండు నిమిషాల పని. ఇగో, అయింది. తొక్కు. పడ్డయ్. కాలు తీయ్. ఆరినయ్.

పో ఇగ. డిపో మలుపు కాడ ఊకెనే ఒక్కసారి బ్రేకు తొక్కు. నేనిక్కడ వెనకాలనే నిలబడి ఉంటా. పడ్డయ్ అని చెప్తా.

నీకు ఇనబడదు. ఎర్కే నాకు.