బెంచీ కింద సాగిన పాఠం

యుద్ధం రావడానికి ముందు ఏడాది, జూన్ పన్నెండవ తేదీన, నేడు పదవీ విరమణ చేస్తున్న మా ప్రధానోపాధ్యాయురాలు లెక్కల టీచరుగా ఈ పాఠశాలలో అడుగుపెట్టారు. పెద్దలందరూ మేడమ్ గారని పిలిచే ఆ మాన్యురాలిని పిల్లలు చాటుగా ‘బెంచీ టీచరు’ అంటారు. ఆ పేరు వెనక కథ చెప్పకుండా ఆవిడను అభినందించలేము.

యుద్ధం వచ్చాక తరగతి గదుల్లో ఇళ్ళు కోల్పోయినవారు తలదాచుకున్నారు. సగం బల్లలు పొయ్యిల్లోకి పోయాయి. బడి గంటను వీధి కాపలావాళ్ళు పట్టుకుపోయి, విమానాలు వచ్చినప్పుడు మోగించేవారు. మేడమ్ గారు బట్టల దుకాణం కింది గోదాములో పిల్లల్ని చేరదీసి, గోడమీద బొగ్గుతో ఎక్కాలు రాసి చెప్పారు. పనుల్లోకి పోయిన పెద్దపిల్లలు మాత్రం తిరిగి రాలేదు. చదువుకోవలసిన ఆ వయసును దేవుడు వాళ్ళకు మళ్ళీ ఎప్పుడిస్తాడో, రోజూ మొక్కే మాబోటివాళ్ళకూ అంతుపట్టలేదు.

శాంతి కుదిరింది, బడి తెరిచారు, గంటా తిరిగొచ్చింది. అటెండరు దాన్ని తళతళలాడేలా తోమి, భోజనం వేళకు సంబరంగా బాదాడు. రెప్పపాటులో మూడో తరగతి మొత్తం బెంచీల కింద ఉంది! మేడమ్ గారు కసురుకోలేదు. తామూ వంగి బెంచీ కింద దూరారు.

“మీరూ దాక్కున్నారా టీచర్?”

“దాక్కుంటే ఎక్కం ఆగుతుందేంట్రా? ఏడెనిమిదులు ఎంత?”

“యాభై ఆరు!” అన్నాయి కింద నుంచి గొంతులు. ఎక్కం ముగిసేసరికి ఒక్కొక్కరే పైకొచ్చారు, ఒక్క పాప తప్ప.

కబురు విని పాప తండ్రి, తాపీమేస్త్రీ, పరుగున వచ్చాడు. “చాలమ్మా ఈ చదువు. నా బిడ్డ బతికుంటే అదే పదివేలు. తీసుకుపోతాను.”

“ఒక్క పూట ఆగవయ్యా. ఆ తర్వాత నీ ఇష్టం,” అని మేడమ్ గారు పాపను చంకనెత్తుకొని వెళ్ళి, గంట తాడు చేతికిచ్చారు. “నువ్వు లాగితేనే ఇది అరుస్తుంది తల్లీ. లేకపోతే నోరు మూసుకుంటుంది. గట్టిగా కొట్టు, అన్నం వేళయింది.”

పాప మెల్లగా లాగింది. మళ్ళీ లాగింది. ఇక ఆపితే ఒట్టు!

“నా ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నట్టేనా అమ్మగారూ?” అన్నాడు అటెండరు.

“తాడు పట్టుకోవడం నేర్పేది నువ్వేగా, కంగారెందుకు?”

తండ్రి నవ్వుతూ ఒట్టి చేతులతోనే ఇంటికి వెళ్ళాడు. కొత్తగా చేరిన ప్రతి బిడ్డా ముందు గంట కొట్టాకే తరగతిలో కూర్చునే ఆనవాయితీ ఆనాడే మొదలైంది. ఆ పాప ఇప్పుడు మా ఒకటో తరగతి టీచరు.

అయితే ఇన్నేళ్ళలో మేడమ్ గారు మాత్రం ఒక్కసారీ ఆ తాడు ముట్టలేదు. వారి భర్తగారు గడియారాలు బాగుచేస్తారు. ఆయన మొన్న అసలు మాట చెప్పారు: “ఊళ్ళో గడియారాలన్నీ మోగిస్తాను గానీ, మా ఇంట్లో వాటి నోళ్ళు నొక్కేశానండీ. గంట వింటే ఆవిడ ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.” అంత భయాన్ని కడుపులో దాచుకొని, ఇందరి భయం తీర్చారన్నమాట!

మేడమ్ గారూ, మీరు ఆరోగ్యంగా, మనవల అల్లరి నడుమ, నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని ఆ దేవుణ్ణి వేడుకుంటున్నాం. నేటి చివరి గంట మీది. బలవంతమేమీ లేదు. తాడు అందించే ఒకటో తరగతి టీచరు మాత్రం ఏమనాలో ముందే అనుకుని ఉంది:

“గట్టిగా కొట్టండి టీచర్. నేను పక్కనే ఉన్నాగా.”